చెఱకు తునకపై దీపపు వెలుగు
(సూక్ష్మదర్శినిద్వారా వృక్షభాగములను చలనచిత్రముగా తీయుటకు తగిన వెలుగును ఎంచుకొనుటను గూర్చిన ప్రసంగపాఠము)



బెల్లపు దిమ్మ రంగును పగటి వెలుతురున చూచుట వేఱు, రాత్రి దీపము క్రింద చూచుట వేఱు. అనకాపల్లి ప్రాంతమున ఈ సంగతి పిల్లవానికి సైతము తెలియును. పచ్చని మేలిమి సరకు పసుపుదీపము క్రింద ఎఱ్ఱబాఱినట్లుండును; కొంత నల్లబాఱిన సరకు అదే దీపము క్రింద తన లోపమును దాచుకొనును. సరకు మాఱలేదు, వెలుగు మాఱినది. చేతికందు దిమ్మ విషయముననే ఇంత భేదమున్నపుడు, కంటికి కనిపింపని చెఱకు కణమును వందల రెట్లు పెంచి, చలనచిత్రముగా తీసి, తెఱపై రైతులకు చూపదలచినవారు దీపమును గూర్చి ఎంతటి జాగరూకత వహింపవలెనో ఊహింపవచ్చును.

గ్రంథాలయ రజతోత్సవమున సూక్ష్మదర్శిని ముచ్చట యేల యని కొందఱికి తోచునేమో. తెలుగునాట గ్రంథాలయోద్యమమును, దేశభాషలో శాస్త్రములను చదువవలెనను కోరికయు కలిసి పెరిగినవి. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మున్నగు పెద్దలు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రగ్రంథములతో పాటు శాస్త్రగ్రంథములను గూడ తెలుగున వెలువరించినది. నాడు పుస్తకము చేసిన పనిలో కొంతభాగమును నేడు తెఱ చేయుచున్నది. పుస్తకమున తప్పు పడినచో తప్పొప్పుల పట్టికలో దిద్దవచ్చును. తెఱపై తప్పుగా కనిపించిన రంగును దిద్దు పట్టిక ఏదియు లేదు. చూచినవాడు కంటితో చూచితిననియే నమ్మును.

ఇక అసలు సంగతి. అనకాపల్లియందు చెఱకు పరిశోధనాస్థానము 1913లో ఏర్పడినది. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనాస్థానముగా అది నేడును పనిచేయుచున్నది. విశ్వామిత్ర యను పేరుగల 87ఏ298 రకము ఇచ్చటినుండి వచ్చినదే. అంతకు పూర్వమే, పందొమ్మిదవ శతాబ్ది చివర, గోదావరి డెల్టాలోని చెఱకు తోటలను ఒక తెగులు నాశనము చేయగా, దానికి విరుగుడు వెదకుటకై 1902లో సామర్లకోటయందు ప్రయోగక్షేత్రమును నెలకొల్పిరి. ఆ పనిలో పాల్గొన్న వృక్షశాస్త్రవేత్త బార్బరుగారే తరువాత 1912లో కోయంబత్తూరున చెఱకు వంగడముల ఉత్పత్తి కేంద్రమునకు ఆద్యులైరి. ఆ తెగులే ఎఱ్ఱకుళ్ళు. 1906లో బట్లరు అను శాస్త్రజ్ఞుడు దానికా పేరు పెట్టెను. ఎన్నో మేలురకములు దీనికి లోనై పొలములనుండి తొలగిపోయినవి.

ఎఱ్ఱకుళ్ళు ముఖ్యముగా విత్తనపు ముచ్చెలద్వారా వ్యాపించును. తెగులు సోకిన గడను ముచ్చెలుగా నఱికి నాటినచో, రైతు తన చేతితోనే తన పొలమున శత్రువును నాటుకొన్నట్లగును. కావున నాటుటకు ముందు గడను నిలువున చీల్చి చూడుమని పెద్దలు చెప్పుదురు. లోపలి గుజ్జు ఎఱ్ఱబాఱి, ఆ ఎఱుపునకు అడ్డముగా తెల్లని మచ్చలు అక్కడక్కడ కనిపించి, పులిసిన వాసన వచ్చినచో అది ఎఱ్ఱకుళ్ళు. ఇచ్చట ఒక చిక్కు గలదు. ఎఱుపు ఒక్కటియే గుఱుతు కాదు. తొలుచుపురుగు తిన్న దారి చుట్టును చెఱకు ఎఱ్ఱబాఱును. గాయము తగిలిన చోటను ఎఱ్ఱబాఱును. ఆ ఎఱుపు శిలీంధ్రపు రంగు కాదు, తన్ను తాను కాపాడుకొనుటకు మొక్క తయారుచేసుకొను రంగు. ఎఱుపు నడుమ అడ్డముగా నుండు తెల్లని మచ్చలే ఈ తెగులును తక్కినవానినుండి వేఱుచేయు ఆనవాలు. ఇప్పుడు చిత్రము తీయువాని దీపము పసుపుపచ్చనిదై, కెమెరా దానికి సవరింపబడనిదైనచో, ఆరోగ్యవంతమైన గడ సైతము ఎఱ్ఱగా కనిపించి మంచి విత్తనమును పాఱవేయించును. దీపము మితిమీఱి వెలిగినదైనచో, తెల్లని మచ్చలు పరిసరపు వెలుగులో కరగిపోయి, తెగులు గడ పురుగు తిన్న గడవలె కనిపించి నాటింపబడును. రెండు విధములను నష్టము రైతుదే.

చీల్చిన గడను తక్కువ పెంపులో, పైనుండి వెలుగు పడునట్లుగా తీయవలెను. కాంతి లోపలినుండి దూసుకొని పోవుటకు అది పలుచని పొర కాదుగదా. అప్పుడే చీల్చిన గడ తడిగా నుండును. ఒక్క దీపమును సూటిగా చూపినచో రసము తళతళ మెఱసి, ఆ మెఱపులు తెల్లని మచ్చలవలె భ్రాంతి గొలుపును. కావలసిన ఆనవాలు తెల్లమచ్చయే యగుటచే ఈ మెఱపు కేవలము అందమునకు సంబంధించిన లోపము కాదు, అబద్ధపు సాక్ష్యము. దీని నివారణ సులభము. రెండు దీపములను ఇరువైపుల వాల్చి పెట్టి, నడుమ ట్రేసింగు కాగితమును అడ్డముంచవలెను. కాగితము దీపమునకు అంటుకొని గాక, వస్తువునకు దగ్గఱగా నుండినచో వెలుగు నలువైపులనుండి మెత్తగా పడును. అప్పటికిని మెఱపు మిగిలినచో ధ్రువణపు పలకల నుపయోగింపవచ్చును: ఒకటి దీపముపై, వేఱొకటి కటకముపై నుంచి రెండవదానిని త్రిప్పుచుండగా, ఒక స్థానమున మెఱపు మాయమై గుజ్జు నిజమైన రంగు బయటపడును.

రంగు నిజమగుటకు దీపపు జాతిని ఎఱుగవలెను. హాలోజను బల్బు కాంతి సుమారు 3200 కెల్విను డిగ్రీల వర్ణోష్ణముగలది, అనగా పసుపుచాయ. మధ్యాహ్నపు పగటి వెలుగు సుమారు 5500. హాలోజనునందు ఎఱుపు సమృద్ధిగా, ఎడతెగక యుండుటచే ఎఱ్ఱకుళ్ళు వంటి ఎఱుపు ఛాయలలోని భేదములు చక్కగా తెలియును. కాని వోల్టేజి తగ్గించి దానిని మందగింపజేసినచో అది మఱింత ఎఱ్ఱబాఱును. చిత్రము మధ్యలో ఎవరైన మీట త్రిప్పినచో ఒకే గడ రెండు రంగులలో కనిపించును. వెలుగు తగ్గింపవలసినపుడు బల్బును మందగింపజేయక, రంగులేని బూడిదవన్నె ఫిల్టరును అడ్డముంచుటయే సరియైన పద్ధతి. ఎల్.ఇ.డి. దీపములు చల్లగా నుండును, మందగించినను రంగు అంతగా మాఱదు, ఖర్చు తక్కువ. అయినను వానియందు ఒక కపటము గలదు. తెల్లని ఎల్.ఇ.డి. నిజమునకు నీలి దీపము. దానిపై పూసిన పసుపు పదార్థము కొంత నీలిని మ్రింగి పసుపును వెలువరింపగా రెండును కలిసి తెల్లగా తోచును. చౌక రకములలో ముదురు ఎఱుపు మిక్కిలి తక్కువ. వ్యాపారులు డబ్బాలపై ముద్రించు సి.ఆర్.ఐ. అను అంకె ఎనిమిది లేతరంగుల సగటు మాత్రమే. ముదురు ఎఱుపును కొలుచు తొమ్మిదవ అంకము, ఆర్9, అందులో చేరదు. కావున 80 అని వ్రాసియున్న దీపము గోడకు, పుస్తకమునకు చాలునుగాని ఎఱ్ఱకుళ్ళు చిత్రమునకు చాలదు. సి.ఆర్.ఐ. 90కి పైబడి, ఆర్9 గూడ ఎక్కువగా నున్న దీపమును అడిగి తీసికొనవలెను. దీపము ఏదైనను, చిత్రము మొదలుపెట్టుటకు ముందు అదే వెలుగులో తెల్లకాగితమును చూపి, కెమెరావారు వైట్ బ్యాలెన్సు అని పిలుచు సవరణను చేసి, దానిని అక్కడనే బిగించవలెను. కెమెరా తనంత తాను సవరించుకొనునట్లు విడిచినచో, ఎఱ్ఱని గడ తెఱనిండ కనిపించినపుడు అది ఎఱుపు ఎక్కువైనదని తలచి ఎఱుపును తగ్గించును. తీయదలచిన సంగతినే తుడిచివేయును!

పూర్వపు నలుపు తెలుపు ఫిల్ములలో ఆర్థోక్రొమాటికు అను రకము ఎఱుపును గ్రహింపజాలదు. దానియందు ఎఱ్ఱకుళ్ళు భాగము నల్లగా వచ్చును. ఆ నలుపు ఒకవిధముగా మేలే చేసినది, తెల్లమచ్చ స్పష్టముగా విడివడెడిది. రంగుల చిత్రము వచ్చినంతమాత్రాన సత్యము దగ్గఱకు వచ్చినదనుకొనుట పొరపాటు.

ఇంతవరకు పైనుండి పడు వెలుగు. పలుచని పొరను కోసి స్లైడుపై నుంచినపుడు వెలుగు క్రిందినుండి రావలెను. వృక్షభాగమునకు వెలుగు నెంచుకొనుటలో తొలి పాఠము రాబర్టు హుక్కుగారిది. 1665లో వెలువడిన మైక్రోగ్రాఫియా గ్రంథమున ఆయన బెండుపొరను వర్ణించుచు, అది తెల్లని వస్తువు గనుక నల్లని పలకపై నుంచి, ఉబ్బు కటకముతో వెలుగును దానిపై కేంద్రీకరించితినని తెలిపెను. కణమను మాట వృక్షశాస్త్రమున ప్రవేశించినది ఆ వెలుగులోనే. రాత్రివేళ దీపపు వెలుగును నీరు నింపిన గాజుబుడ్డిగుండ పంపి కూర్చుకొను ఏర్పాటు గూడ ఆయనకుండెను.

తరువాత రెండువందల యేండ్లకు పైగా దీపము సంగతి చేతివాటమునకే విడువబడినది. 1893లో ఆగస్టు కోలరు అను జర్మను శాస్త్రజ్ఞుడు దానికొక క్రమమును కల్పించెను. ఆయనకు కలిగిన చిక్కును పెట్రోమాక్సు దీపము నెఱిగినవారు ఇట్టే గ్రహింపగలరు. దీపపు ప్రతిబింబమును వస్తువుపైననే పడునట్లు చేసినచో, మాంటిలు అల్లిక యంతయు వస్తువుతో కలిసి చిత్రమున పడును. ఒకచోట ప్రకాశము, ఒకచోట నీడ. కోలరు చేసినదేమన, దీపపు ప్రతిబింబమును వస్తువుపై గాక, క్రింద కండెన్సరు ముందున్న ఐరిస్ తెఱపై పడునట్లు కటకము నమర్చుట. దానితో దీపములోని ప్రతి బిందువునుండి వచ్చు వెలుగు వస్తువునంతటిని సమానముగా తడుపును. దీపము ఎంత వంకరగా నున్నను పొర సమముగా వెలుగును.

దీనిని అమర్చు విధము కష్టము కాదు. ముందు పదిరెట్ల కటకముతో పొరను స్పష్టపఱచవలెను. దీపమువైపునున్న తెఱను బాగుగా మూసి, దాని అంచు పొరతో పాటు పదునుగా కనిపించువరకు కండెన్సరును పైకి క్రిందికి జరపవలెను. ఆ వెలుగు వృత్తమును నడిమికి తెచ్చి, కనిపించు ప్రదేశపు అంచు దాటువరకు మాత్రమే తెఱను విప్పవలెను. పిమ్మట కంటి కటకమును తీసి గొట్టములోనికి చూచుచు, కండెన్సరు తెఱను మూడింట రెండువంతులు గాని నాలుగింట మూడువంతులు గాని వెలుగు నిండునట్లు ఉంచవలెను. ఈ కడపటి మెట్టుననే అనేకులు చెడగొట్టుదురు. పచ్చి పొర తేటగా నుండి అంచులు కనిపింపనపుడు, కండెన్సరు తెఱను బాగుగా మూసినచో అంచులు నల్లగా, బలముగా తోచును. చూచువానికి ఆనందము కలుగును. కాని ఆ నల్లగీతలలో కొన్ని కణములో లేవు. సన్నని రంధ్రముగుండ వచ్చిన వెలుగు వంగుటచే పుట్టినవి. ఒక గోడ రెండు గోడలుగా కనిపించును. అట్టి చిత్రమును చూచి కణపు గోడ ఇంత మందమని పాఠము చెప్పుట గాలిని కొలుచుటవంటిది. తెఱను మూసి వెలుగు తగ్గించుటయు తప్పే. దానికి బూడిదవన్నె ఫిల్టరే గలదు.

పెంపు రెండింతలైనచో, కటకపు వెడల్పుశక్తి మాఱనపుడు, తెఱపై వెలుగు నాల్గవవంతగును. అందుచే పెంపు పెరిగినకొలది దీపమును పెంచవలెనను ఆశ పుట్టును. నిర్జీవమైన పొరకు అది చెల్లును. జీవించియున్న పొరకు చెల్లదు. శారదానది ఒడ్డున గాని ఊరి చెఱువున గాని దొరకు హైడ్రిల్లా యను నీటినాచు ఆకును ఒకదానిని స్లైడుపై నుంచి చూచినచో, కణములలో పచ్చని హరితకణికలు గోడ వెంబడి వరుసగా తిరుగుచుండును. పాఠశాలలలో చూపుటకు ఇంతకన్న మనోహరమైన చలనచిత్రము లేదు. కాని ఆ తిరుగుడులో కొంతభాగము దీపము పుట్టించినదే. నీడలో నిశ్చలముగా నుండిన కణము తీవ్రమైన వెలుగు పడగనే కదలుట ఆరంభించును. వేడిమి పెరిగినకొలది వేగము పెరుగును. ఇంకను వేడెక్కినచో ఆగిపోవును. వంద వాట్ల హాలోజను దీపము క్రింద తీసిన చిత్రమున కనిపించు వేగము చెఱువులోని నాచు వేగమని చెప్పుటకు వీలులేదు.

హరితకణికలకు వేఱొక గుణము గూడ గలదు. మెత్తని వెలుగున అవి వెలుగువైపు తమ వెడల్పును చూపి పరచుకొనును. తీవ్రమైన వెలుగున ప్రక్క గోడలకు చేరి అంచును మాత్రమే చూపును, ఎండవేళ పశువులు చెట్టునీడకు ఒదిగినట్లు. పూలమొక్కలయందు ఈ కదలికను ప్రేరేపించునది నీలికాంతి. ఎఱుపునకు అవి సాధారణముగా కదలవు. పైని చెప్పిన తెల్లని ఎల్.ఇ.డి. లోపల నీలిదీపమే గదా! చల్లగా నున్నదను ధైర్యముతో దానిని గంటసేపు వెలిగించియుంచినచో, పొర ఎండిపోదుగాని కణికలు మాత్రము చోటు మార్చుకొనును. నిజమైన అమరికను తీయదలచినవాడు వెలుగును పచ్చని ఫిల్టరుగుండ పంపుట మేలు. పత్రహరితము పచ్చని కాంతిని తక్కువగా గ్రహించును, అందుచే హానియు తక్కువ. చిత్రపు రంగు పోవునన్నది నిజమే. దానిని నలుపు తెలుపుగా మార్చి చూపవచ్చును. నెమ్మదిగా జరుగు మార్పును విడివిడి చిత్రములుగా తీసి వేగముగా చూపునపుడు, ప్రతి చిత్రమునకు మాత్రమే దీపము వెలుగునట్లు అమర్చవలెను. పది సెకనుల కొకమారు, సెకనులో పదవవంతు మాత్రము వెలిగినచో, మొక్కపై పడు వెలుగు నూఱింట ఒకవంతునకు దిగును. హాలోజనే గతియైనచో, దీపమునకు పొరకు నడుమ వేడిని ఆపు గాజుపలకను గాని, నీరు నింపిన చదరపు గాజుపాత్రను గాని ఉంచవలెను. హుక్కుగారి నీటిబుడ్డి ఈ విధముగా మఱల పనికి వచ్చును.

ఎఱ్ఱకుళ్ళు కలిగించు శిలీంధ్రము పేరు కొల్లెటోట్రైకము ఫాల్కేటము. ఫాల్కేటము అనగా కొడవలివలె వంగినది. దాని బీజములు ఆ రూపముననే యుండును. వాని పొడవు మిల్లీమీటరులో నలుబదవవంతునకు అటునిటు. రంగు లేదు, గాజువలె తేట. నీటిలో నున్న గాజుముక్కను వెదకుట ఎట్టిదో సాధారణపు వెలుగున వీనిని వెదకుట అట్టిది. దీనికి భిన్నముగా, చెఱకునకే సోకు కాటుక తెగులు బీజములు పేరునకు తగినట్లు ముదురు గోధుమవన్నె గుండ్రని గింజలు. వానికి క్రిందినుండి వచ్చు సామాన్యపు వెలుగు చాలును. ఒకే పొలములోని రెండు తెగుళ్ళకు రెండు విధములైన దీపములు కావలెనన్నమాట.

తేట బీజములకు ఉపాయములు మూడు. మొదటిది చీకటి నేపథ్యము. కండెన్సరు క్రింద ఫిల్టరు నుంచు చోట, గాజుబిళ్ళ నడుమ నల్లకాగితపు వృత్తము నంటించినచో, నడిమి వెలుగు ఆగి ప్రక్కనుండి వచ్చు వెలుగు మాత్రమే బీజమును తాకి చెదరి కటకమును చేరును. నల్లని ఆకాశమున నెలవంకలవలె కొడవళ్ళు మెఱయును. పదిరెట్ల కటకమునకు ఈ కాగితము చాలును, ఖర్చు లేదు. అయితే ధూళికణము గూడ బీజముతో సమానముగ మెఱయును గనుక స్లైడును కడుగుట ముఖ్యము. 1909లో పారిస్ నగరమున జాన్ కొమాండన్ అను వైద్యుడు పాతే సంస్థ సాయముతో సూక్ష్మజీవుల చలనచిత్రములను తీసి విజ్ఞానపరిషత్తునకు చూపినపుడు ఆయన వాడినది ఈ ప్రక్కవెలుగు పద్ధతియే. రెండవది వాలు వెలుగు: తెఱలో సగమును మూసినచో బీజమునకు ఒకవైపు నీడ, ఒకవైపు కాంతి యేర్పడి ఉబ్బెత్తుగా తోచును. అది అందమైనదే గాని ఆ ఎత్తుపల్లములు నీడ కల్పించినవి, కొలతకు పనికిరావు. మూడవది దశాభేద పద్ధతి. తేట వస్తువుగుండ పోయిన కాంతి తరంగము కొంచెము వెనుకబడును. కంటికి తెలియని ఆ వెనుకబాటును వెలుగునీడల భేదముగా మార్చు ఉపాయమును కనుగొన్నందులకు జెర్నికె యను డచ్చి భౌతికశాస్త్రజ్ఞునికి 1953లో నోబెలు బహుమానము లభించినది. దీనికి ప్రత్యేక కటకములు కావలెను గనుక గ్రామమున సులభముగా దొరకదు. కాని వృక్షకణము విభజన చెందుటను ప్రపంచమునకు కదలికతో చూపినది ఈ వెలుగే. 1950 తరువాతి సంవత్సరములలో పోలండు దేశమున బజేరు దంపతులు హీమాంథసు అను పూలమొక్క విత్తనములోని అంకురచ్ఛదపు కణములను ఈ పద్ధతిని తీసిన చిత్రములు వృక్షశాస్త్రమున ప్రసిద్ధములు. ఆ కణములకు గట్టి గోడ లేకపోవుటయే వారికి అనుకూలమైనది. లేత కొబ్బరికాయలోని నీరు గూడ అంకురచ్ఛదమే యని ఈ సందర్భమున గుఱుతుచేసికొనవచ్చును.

చెఱకు కణవిభజనను చూచుట యనగా జానకి అమ్మాళ్‌గారి పేరు రాక తప్పదు. 1934 ప్రాంతమున కోయంబత్తూరు కేంద్రమున చేరి చెఱకు క్రోమోసోములపై పనిచేసిన విదుషీమణి ఆమె. నదీతీరములందు పెరుగు రెల్లు చెఱకునకు దాయాది. మేలుజాతి చెఱకునకు 80 క్రోమోసోములుండగా, రెల్లుతో సంకరమై వచ్చిన నేటి రకములందు నూఱు దాటి యుండును. అంత గుంపులో ఒక్కొక్కదానిని లెక్కింపవలెనన్న దీపము ఎంత నిష్కళంకమై యుండవలెనో చెప్పనక్కఱలేదు. కార్మైను వంటి ఎఱ్ఱని అద్దకమున ముంచిన క్రోమోసోములకు పచ్చని ఫిల్టరు తగును. ఎఱుపు పచ్చకాంతిని మ్రింగి నల్లగా తేలును, మిగిలినది తెల్లగా నుండును. నీలి అద్దకమునకు పసుపు గాని నారింజ గాని. పూలచీరకు జాకెట్టు గుడ్డ నెంచుకొను స్త్రీకి ఈ సూత్రము నేర్పవలసిన పనిలేదు.

చెఱకు ఆకు అడ్డుకోతయందు ఈనెల చుట్టును పెద్ద కణములు పూలదండవలె అమరి, ముదురు పచ్చని కణికలతో నిండియుండును. చెఱకు సూర్యరశ్మిని అంత పొదుపుగా వాడుకొనుటకు ఈ అమరికయే ఆధారమని 1965, 1966 ప్రాంతమున హవాయి దీవులలోను, ఆస్ట్రేలియాలోను జరిగిన పరిశోధనలవలన తెలియవచ్చినది. ఈ దండను తీయుటకు తెల్లని సామాన్యపు వెలుగు, నిండుగా విప్పిన తెఱ చాలును. అదే పొరను అడ్డముగా త్రిప్పిన రెండు ధ్రువణ పలకల నడుమ నుంచినచో దృశ్యము మాఱిపోవును: నారలు, నీటి నాళముల గోడలు నల్లని నేలపై వెలుగుచుండును. కంద, చేమ దుంపలలోని దురద పుట్టించు సూదులు ఈ వెలుగున మెఱపుతీగలవలె కనిపించును. పిండి గింజలపై నల్లని సిలువగుఱుతు పడును. కాని చెఱకు ఆకు పైపొరలోని ఇసుకజాతి సిలికా బిళ్ళలు మాత్రము మెఱయవు. అవి స్ఫటికములు కావు. మెఱయనందున లేవనుకొనరాదు.

చలనచిత్రమునకే ప్రత్యేకమైన ఇంకొక చిక్కు దీపపు రెపరెప. విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో వచ్చుటచే, దానిపై నేరుగా వెలుగు కొన్ని దీపములు సెకనుకు నూఱుమార్లు మిణుకుమనును. కన్ను గ్రహింపదు, కెమెరా గ్రహించును. సెకనుకు 25 చిత్రములు తీయునపుడు ఒక్కొక్కదానికి సరిగా నాలుగు మిణుకులు వచ్చును, చిక్కులేదు. చేతిఫోనులలో సాధారణముగా నుండు 30 చిత్రముల వేగమున ఒక్కొక్కదానికి మూడుంబావు పైచిలుకు మిణుకులు పడి, చారలు తెఱపై ప్రాకును. ఎక్స్‌పోజరును సెకనులో యాభైయవవంతుగా గాని, నూఱవవంతుగా గాని బిగించినచో పూర్తి మిణుకులే లోపలికి వచ్చును. చౌక ఎల్.ఇ.డి.లను మందగింపజేయు యంత్రములు కొన్ని దీపమును వేగముగా ఆర్పి వెలిగించుటద్వారా ఆ పని చేయును. అట్టిదాని మీటను పూర్తిగా త్రిప్పియుంచి ఫిల్టరుతో వెలుగు తగ్గింపవలెను. బ్యాటరీపై సూటిగా వెలుగు దీపమునకు ఈ బాధ లేదు. కరెంటు పోవుట పరిపాటియైన చోట్ల బ్యాటరీ దీపము రెండు విధముల ఉపకారి.

ధనమున్నచోటనే ఇవి సాధ్యమని నిరుత్సాహపడనక్కఱలేదు. అమెరికాలో మను ప్రకాశ్‌గారును, ఆయన సహచరులును 2014లో ప్రకటించిన మడత కాగితపు సూక్ష్మదర్శిని, ఫోల్డుస్కోపు, ఫోనుకు అంటించి చిత్రము తీయుటకు పనికివచ్చును. దానికి మేఘావృతమైన ఆకాశమును, తెల్లని గోడపై పడిన ఎండయు ఉత్తమ దీపములు. సూర్యునివైపు దానిని ఎన్నడును త్రిప్పరాదు, కన్ను పోవును. మాలుట సూర్యుడు దిగువకు వచ్చిన సాయంకాలపు వెలుగున ఎఱ్ఱకుళ్ళు తీయరాదు. ఆ వేళ అనకాపల్లిలోని గడలన్నియు ఎఱ్ఱనివే.

ఏ దీపము వాడినను, చిత్రపు మొదట మూడు తునకలను చేర్చుట అవసరము. వస్తువు లేని ఖాళీ స్లైడు ఒకటి. దానివలన వెలుగు సమముగా నున్నదా లేదా తెలియును. అదే వెలుగున తెల్లకాగితము ఒకటి. అదే వెలుగున, అదే రకపు ఆరోగ్యవంతమైన గడ చీలిక ఒకటి. తెగులు గడను దాని తరువాతనే చూపవలెను. రెండును ఒకే తెఱపై ప్రక్కప్రక్కన నున్నచో మఱియు మేలు. చిత్రము పెట్టెపై రకము పేరు, కోసిన తేది, పెంపుతో పాటు దీపపు జాతి, ఫిల్టరు రంగు, ఎక్స్‌పోజరు వ్రాసియుంచవలెను. పది సంవత్సరముల తరువాత ఏ గ్రంథాలయపు బీరువానుండియో దానిని తీసి చూచువాడు, ఆ ఎఱుపు చెఱకుదో దీపముదో తెలిసికొనుటకు ఆ చీటీ యొక్కటే ఆధారము.